ఏడో నంబరు రూటు

కండక్టరమ్మకు మాట పోయి నలభై రోజులైంది. ఇరవై ఏళ్ల కాపురంలో ఆ ఇల్లు అంత నిశ్శబ్దంగా ఎన్నడూ లేదు. ఏడో నంబరు బస్సులో పద్దెనిమిదేళ్లు టికెట్లు కొట్టిన మనిషి ఆవిడ. ఇంజను మోతను మించి అరిచి అరిచి అలవాటై, ఇంట్లో ఉప్పు డబ్బా అడిగినా వీధి చివరి దాకా వినపడేది. "నేను వెనక సీట్లో లేను, నీ పక్కనే ఉన్నాను" అని భర్త వేళాకోళం చేసేవాడు. ఇప్పుడు ఆ గొంతంటే చెవి కోసుకునే స్థితికి వచ్చాడు పాపం.

ఒక ఉదయం యూనిఫాం గుండీలు పెట్టుకుంటూ, దువ్వెన అడగబోయి "టికెట్టు ఇవ్వండి" అంది. ఆయన నవ్వాడు. ఆవిడ రెండోసారీ అదే మాట అని, మూతి ఒక పక్కకు జారేసరికి నవ్వు ఎగిరిపోయి టాక్సీ కోసం పరుగెత్తాడు. మెదడులో ఎడమ పక్క ఒక సన్నని రక్తనాళం పూడుకుపోయిందన్నారు డాక్టర్లు. సమయానికి చేర్చడంతో ప్రాణం దక్కింది. కుడి చెయ్యి నెల తిరక్కుండానే దారికొచ్చింది. మాట ఒక్కటే రాలేదు. ఎవరేం చెప్పినా ఆవిడకు అర్థమవుతుంది, తిరిగి చెప్పబోతే మాత్రం "అదీ... అదీ..." తప్ప ఇంకో ముక్క పెగలదు.

ఆయనది కంప్యూటర్ల రిపేరు. ఇంటి కింద గదే షాపు. గోడ పొడుగునా విప్పిన మెషిన్లు, డబ్బా మూతల్లో మరలు, ఎప్పుడూ తిరుగుతూ ఉండే ఫ్యాన్ల హోరు. ఎవరి వృత్తి వాళ్ల కళ్లకు అద్దమై కూర్చుంటుంది కదా, ఈయనకు భార్య తల కూడా ఒక డిస్కులాగే కనిపించింది. ఉన్నదంతా చెరిగిపోయింది, మళ్లీ నింపితే సరి అనుకున్నాడు. ఆసుపత్రి నుంచి రాగానే చిన్న చిన్న కాగితాల మీద మాటలు రాసి ఇల్లంతా అంటించాడు. తలుపు మీద తలుపు, గిన్నె మీద గిన్నె. రోజుకు ఇరవై మాటలు, సాయంత్రం పరీక్ష.

చిరిగిన నోటు ఇచ్చిన ప్రయాణికుణ్ణి ఆవిడ ఎలా చూసేదో, ఆ కాగితాలనూ, వాటిని అంటించిన మొగుణ్ణీ అలాగే చూసింది. చూడటానికొచ్చిన మరదలు నవ్వలేక, ఏడవలేక, చివరికి అనేసింది: "బావా, అక్కకు పోయింది మాట. మతి కాదు. తలుపును తలుపంటారని దానికి తెలియదా?"

ఆయన ఆ రాత్రే కాగితాలన్నీ పీకేశాడు. అయితే ఊరికే కూర్చునే రకం కాదు. ఉన్న మెషిన్లలో బలమైనవి రెండు కలిపి, వాటిలో మనుషుల మాట నేర్చిన కృత్రిమ మేధ ప్రోగ్రాం ఒకటి ఎక్కించాడు. ఇరవై ఏళ్లలో ఆవిడ పంపిన మెసేజీలు, ఏ పూట ఏం చేస్తుంది, ఏం తింటుంది, అన్నీ దానికి చెప్పాడు. ఆవిడ చేతికి ఒక ట్యాబ్లెట్ ఇచ్చాడు. ఆవిడ ఎటు చూస్తోందో, టైమెంతైందో చూసుకుని అది మూడు వాక్యాలు ఊహించి తెర మీద పెడుతుంది. కావలసినదాన్ని వేలితో తాకితే ఆడగొంతుతో చదువుతుంది. వారం తిరిగేసరికి పది ఊహల్లో తొమ్మిది తగిలాయి. కిటికీ వైపు చూస్తే "గాలి రావడం లేదు" అనేది. సాయంత్రం నాలుగయ్యేసరికి "టీ కావాలి, రెండు చెంచాల చక్కెర" అనేది. మెదడుకు తిండి చక్కెరేనని ఆసుపత్రిలో పక్క మంచం ఆయన చెప్పినప్పటి నుంచీ ఈయన టీలో రెండు చెంచాలు గుమ్మరిస్తున్నాడు. ఆ సంగతి కూడా మెషిన్‌కు నేర్పాడు.

నిజం చెప్పాలంటే అది గొప్ప పనే. మాటల డాక్టరు కూడా నోరు తెరిచి చూసింది. పెద్దాసుపత్రిలో, మాట పోయినవాళ్ల చేత మళ్లీ మాట్లాడించడమే ఆవిడ ఉద్యోగం. ట్యాబ్లెట్‌ను అటూ ఇటూ తిప్పి, ఇలాంటిది చేసిన మనిషిని తన సర్వీసులో చూడలేదంది. ఆయన ఛాతీ రెండంగుళాలు పెరిగింది. అప్పుడు డాక్టరు మెల్లగా అడిగింది: "ఈ వారంలో మీ ఆవిడ ఎన్నిసార్లు నోరు తెరిచారు?"

ఆయన లెక్క వేసుకున్నాడు. ఒక్కసారి కూడా లేదు.

నొప్పి వచ్చినప్పుడు, తొందరైనప్పుడు అది వాడుకోమనే చెప్పింది డాక్టరు. కాలు విరిగినవాడికి కర్ర ఇస్తాం, వాణ్ణి జీవితాంతం మోసుకు తిరగం కదా అంది. ఎవరూ అందించకుండా, ఎవరూ ఊహించకుండా, ఆవిడ నోటి నుంచి సొంత మాట ఒక్కటి రావాలి. అది వస్తే వెనకాల మిగతావి వస్తాయి. మొదటి నెలలే ముఖ్యం అని కూడా చెప్పింది. ఆ ఒక్క మాట ఎక్కడ దొరుకుతుందో ఆయనకు తెలియలేదు. ఏ షాపులో దొరుకుతుందని వెతకడం?

మరుసటి వారం ఆసుపత్రికి బయల్దేరితే టాక్సీ దొరకలేదు. ఇద్దరూ డిపో దగ్గర ఏడో నంబరు ఎక్కారు. కండక్టరు కొత్తవాడు, వెనకాల చిల్లర గొడవలో ఇరుక్కుపోయాడు. మలుపు వచ్చింది, స్టాపు దగ్గరపడింది, పిలిచే నాథుడు లేడు. కండక్టరమ్మ సీట్లో నిటారుగా కూర్చుంది.

"గడియారం! గడియారం దిగేవాళ్లు ముందుకు రండి!"

బస్సంతా తలలు తిప్పింది. ఆవిడ ఎవరినీ చూడటం లేదు, రోడ్డునే చూస్తోంది. పెద్దాసుపత్రి అంది. కోర్టు అంది. కూరగాయల మార్కెట్టు, రైలు గేటు, నీళ్ల ట్యాంకు, స్కూలు, సబ్బుల ఫ్యాక్టరీ, వంతెన, రేవు. ఒక్కటి తడబడలేదు, ఒక్క అక్షరం నలగలేదు. డ్రైవరు ఆ గొంతును గుర్తుపట్టి, అద్దంలో చూసి హారను రెండుసార్లు కొట్టాడు. తాము దిగాల్సిన పెద్దాసుపత్రి ఎప్పుడో వెనక్కి పోయింది. భర్త కదిలితే ఒట్టు. రేవు దాకా వెళ్లి, అదే బస్సులో తిరిగొచ్చి, గంట ఆలస్యంగా మాటల డాక్టరు ముందు కూర్చుని, కళ్లు తుడుచుకుంటూ జరిగింది చెప్పాడు.

డాక్టరు ఆశ్చర్యపోలేదు, సంతోషించింది. వరసగా వచ్చే మాటల దారి వేరు, వెతికి తెచ్చుకునే మాటల దారి వేరు అని వివరించింది. వరసలో ఉన్న మాటను పిలవక్కర్లేదు, ముందున్న మాటే దాన్ని చెయ్యి పట్టుకుని తీసుకొస్తుంది. ఆ దారి దెబ్బతినలేదు.

"మీ మెషిన్లో తీగ తెగితే ఏమవుతుంది?" అని అడిగింది.

"ఆగిపోతుంది. నేను విప్పి వేరేది వెయ్యాలి."

"మెదడులో విప్పేవాడు ఎవడూ లేడు. తీగ తెగిన మెషినే, నడుస్తూ నడుస్తూనే, పక్క నుంచి కొత్త తీగ లాక్కుంటుంది. కిలోన్నర కూడా ఉండదు. చిన్న బల్బుకు పట్టే కరెంటు చాలు దానికి."

ఆయనకు తన షాపులో ఉన్న జత మెషిన్లు గుర్తొచ్చాయి. నాలుగు గదులకు సరిపోయే కరెంటు తాగి, గదిని కొలిమిలా చేసి, "గాలి రావడం లేదు" అని ఊహిస్తాయి. అవి చేసేదీ తక్కువేం కాదు, ఎవడో కడితే తప్ప అవి రావు, అదీ మనిషి బుర్రే. కానీ పక్కన కూర్చుని చీర కొంగు సర్దుకుంటున్న ఈవిడ తలలో ఎనిమిది వేల కోట్లకు పైచిలుకు కణాలు, ఒక మూల గండి పడినా పని మానకుండా సందుగొందులు వెతుక్కుంటున్నాయట. మొదటిసారి ఆయనకు భార్య తలకాయను చూస్తే భయభక్తులు కలిగాయి. ఇన్నాళ్లూ దాన్ని డిస్కు అనుకున్నందుకు సిగ్గు కూడా వేసింది.

ఆ రోజు నుంచి ఇల్లు బస్సయింది. నీళ్లు కావాలంటే డిపో దగ్గర బయల్దేరి, గడియారం, ఆసుపత్రి దాటుకుంటూ ట్యాంకు దాకా వచ్చి, "నీళ్ల" అని బ్రేకు వేసేది. మొదట్లో బ్రేకు పడేది కాదు, స్కూలు దాకా దూసుకుపోయేది. పోయి, తల కొట్టుకుని, మళ్లీ డిపో నుంచి. గుక్కెడు నీళ్లకు ఐదు నిమిషాల ప్రయాణం. ఆయన గ్లాసు పట్టుకుని నిలబడేవాడు, అందించేవాడు కాదు. అందించకుండా నిలబడటం అంత కష్టమైన పని జన్మలో చెయ్యలేదు. పది రోజులకు రైలు గేటు దగ్గర ఎక్కితే చాలింది. మూడో వారానికి నీళ్లు, కూరగాయలు, సబ్బు నేరుగా వచ్చాయి. అయినా అవన్నీ రూటులోవే. రూటులో లేని మాట, సొంత మాట, ఇంకా రాలేదు. మూడో నెల సగమైంది. ఆయన పైకి నవ్వుతూనే ఉన్నాడు గానీ లోపల బెంగ తినేస్తోంది.

ఒక సాయంత్రం కింద షాపులో ఒక మెషిను విప్పుతున్నాడు. పైన గదిలో ఆవిడ రూటు వల్లిస్తోంది. సబ్బుల ఫ్యాక్టరీ, వంతెన, రేవు. అక్కడితో ఆగింది. ఆయన ఫోను మోగింది. చూస్తే పై గదిలోని ఆవిడ నంబరు.

పద్దెనిమిదేళ్లు ఆఖరి ట్రిప్పు రేవులో ముగిశాక ఆవిడ చేసే పని అదొక్కటే. ఫోను తీసి రెండు ముక్కలు చెప్పి పెట్టేసేది. రూటు అయిపోగానే చెయ్యి దానంతట అదే ఫోను మీదికి పోయినట్టుంది.

"బండి పెట్టేశామండీ," అంది ఫోనులో. "ఇంటికొస్తున్నా."

మర చేతిలోంచి జారి బల్ల కింద ఎక్కడికో దొర్లిపోయింది. ఇది కూడా వరసలోదేనని ఆయనకు తెలుసు. రేవు తర్వాత పద్దెనిమిదేళ్లుగా అదే స్టాపు. ఆయనా ఇన్నేళ్లుగా ఏం జవాబిచ్చేవాడో అదే ఇచ్చాడు, ఇంకేం తోచలేదు.

"వచ్చెయ్. టీ పెడతా."

ఇక్కడితో ఆవిడ ఫోను పెట్టేయాలి. ఎప్పుడూ పెట్టేసేది. ఈసారి పెట్టలేదు. అటు నుంచి ఊపిరి వినపడుతోంది. ఏదో వెతుకుతున్నట్టు, అందీ అందనట్టు.

"అదీ... చక్కెర," అంది. చాలాసేపు ఆగింది. "తక్కువ."

చక్కెర పేరున ఆ రూటులో ఏ స్టాపూ లేదు. ఆయన రెండేసి మెట్లు ఎక్కుతూ పైకి పరుగెత్తాడు. రెండు నెలలకు పైగా ఈ మనిషి ఆ పానకాన్ని నోరెత్తకుండా తాగింది. పదికి తొమ్మిది తగిలాయని తను మురిసిపోయిన ఊహల్లో ఆ టీ కూడా ఉంది. వేరే దారి లేక ఆవిడ తాకిన వాక్యాన్ని మెషినూ, తనూ కలిసి సరైన జవాబు కింద రాసుకున్నారు.

కళ్లు తుడుచుకుంటూనే టీ పెట్టాడు. ఒక్క చెంచా వేసి, గ్లాసు చేతికిచ్చి, ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. ఆవిడ ఒక గుక్క తాగింది. మొగుణ్ణి చూసింది. చిరిగిన నోటు ఇచ్చినవాణ్ణి చూసిన చూపు.

"ఇంకా... తక్కువ."