అంకె లేని వచనము

వేపపూత రాలి పల్నాటి యెఱ్ఱమట్టిదారులను తెల్లపరచుచుండగా కళ్లములలో నెండుచున్న మిరపపండ్ల ఘాటును మోసికొని మందమారుతము వీచుచుండిన యొక వసంతప్రాతఃకాలమున, క్రైస్తవపేటకు పడమటనున్న సమాధులతోటలో నిరీక్షణమను ఉపదేశి తల్లిసమాధిచెంత చింతాక్రాంతుడై నిలిచి యుండెను.

ప్రతిసమాధిశిలమీదను బైబిలునందలి యొక వచనమును అధ్యాయసంఖ్యతో గూడ చెక్కించుట యాసంఘమున పెద్దలనాటి యాచారము. మూడునెలల క్రిందట కన్నుమూసిన సలోమమ్మ కోరుకొనిన వచన మిది: "ఆకలితో వచ్చినవాని పేరడుగకుము, ముందు కంచము పెట్టుము." అక్షరమెరుగని యాతల్లి కరవునాట జొన్నయంబలికుండను గడపలో నుంచుకొని వచ్చినవారి కెల్ల పోయుచు "వాక్యంలో రాసుంది నాయనా, నా మాట కాదు" అనుచుండెడిది. ఆమె కొంగున నంటిన పొయ్యిపొగవాసన తలపునకు వచ్చి కొడుకు కన్నులు చెమర్చెను. ఆ పేదదినములే యతనికి తీపిదినములు.

ఆదికాండము మొదలు ప్రకటనవరకు రెండుమారులు వెదకినను ఆ వచనము కానరాలేదు. తొలినాటి బోధకు డెవడో ప్రసంగమున పలికినదానిని ఆమె వాక్యమనుకొని యుండును. ఈగ్రంథ మొక్కటియే మోసగింపని సాక్షియని పాతికేండ్లు బోధించిన యుపదేశి తల్లిమాటను త్రోసివేయవలెనా, లేని సంఖ్యను కల్పించి చెక్కింపవలెనా? పునరుత్థానపుపండుగ మూడుదినములలో నుండెను; ఆనాటికి శిలను నిలుపవలెను. రాళ్లు చెక్కువాడు ఉలితో కాచుకొని యుండెను.

నియమములయందు వెండ్రుకవాసియు సడలని సంఘపెద్ద ఏలీయా కఱ్ఱయూతతో నచటికి వచ్చెను. నిరీక్షణము దాచక సర్వమును విన్నవించెను. వృద్ధుడు సమాధిమీద చేయి యానించి యిట్లనెను.

"ఆ కరువులో మూడు రోజులు పస్తుండి మీ గడపకొచ్చాను. నేనెవరినో మీ అమ్మ అడగలేదు. ఈ గ్రంథం నిజమని దొరలు చెబితే నమ్మలేదు నాయనా, ఆ అంబలి తాగాక నమ్మాను. ఇందులో లేనిదాన్ని ఉందని మాత్రం రాయించకు. ఆమె మాట చెక్కించు, అంకె వదిలెయ్."

"ఆచారం తప్పినట్టు కాదా పెద్దయ్యా?"

"అడిగినవాళ్లకు నేను చెప్పుకుంటాను."

పండుగనాటి యుదయమున సున్నపుపూతతో మెఱయు శిలల నడుమ అంకెలేని యాశిలయొద్ద ప్రార్థన ముగించి నిరీక్షణము తిరిగి వచ్చుచుండగా, మిరపకోతలకు వచ్చిన పరదేశి స్త్రీ యొకతె బిడ్డ నెత్తుకొని వాకిట నిలిచి యుండెను. ఎవరమ్మా నీవని యడుగబోయి యతడు నాలుక కఱచుకొనెను. లోనికి పోయి కంచము తెచ్చి పెట్టెను. కడుపునిండ తినిన పిమ్మట తనపేరు ఆమెయే చెప్పెను.