జరిమానా డబ్బా

ఆ ఇంట్లో లైటు వేసినా గొడవే, ఆర్పినా గొడవే. వేసినవాళ్ళు దుబారా మనుషులు. ఆర్పినవాళ్ళు చీకట్లో ఎదుటివాళ్ళ కాలు విరగ్గొట్టాలని చూసేవాళ్ళు. మొగుడూ పెళ్ళాలు నవ్వుతూ మాట్లాడుకుని ఎంత కాలమైందో వాళ్ళకే గుర్తులేదు. ఉన్న మాటలన్నీ టీ పొడి దగ్గరా, అరిగిన సబ్బుబిళ్ళ దగ్గరా అయిపోయేవి.

అప్పు చేసింది మొగుడు. ఫ్రిజ్జులు బాగుచేసుకుంటూ హాయిగా ఉన్న మనిషి. ఫ్రిజ్జులు అమ్మితే ఇంకా హాయిగా ఉంటుందని ఎవరో చెవిలో ఊదారు. అక్క దగ్గర అప్పు తెచ్చి దుకాణం తెరిచాడు. ఏడాది తిరక్కుండానే అది నిండా ముంచింది. అక్క తమ్ముడని చూసి వదిలే రకం కాదు, తాకట్టు అడిగింది. తాకట్టు పెట్టడానికి ఆయన దగ్గర నాలుక తప్ప ఏమీ మిగల్లేదు. అందుకని పెళ్ళాం కుట్టుమిషను పోయింది.

అది అల్లాటప్పా మిషను కాదు. కిటికీ తెరలు, డేరా గుడ్డ, దళసరి కోటు గుడ్డ, ఏది పెట్టినా గుక్క తిప్పుకోకుండా కుట్టే మోటారు మిషను. పెళ్ళికి ముందు బట్టల ఫ్యాక్టరీలో రెక్కలు ముక్కలు చేసుకుని ఆమె సొంత డబ్బుతో కొనుక్కున్నది. మణికట్టు ఆనించీ ఆనించీ దాని అంచున రంగు పోయి, ఇనుము తళతళలాడుతూ ఉండేది. ఆ ఇంట్లో తనదని చెప్పుకోవడానికి ఆమెకు ఉన్నది అదొక్కటే.

మిషను దింపిన రోజు ఆడపడుచు గుమ్మంలో నిలబడి ఆమె గట్టిగానే చెప్పింది.

"బాకీ చివరి వాయిదా తెచ్చిన రోజే మళ్ళీ మీ గడప తొక్కుతాను వదినా. ఈలోగా వస్తే చెప్పు తీసుకుని కొట్టండి."

"అలాగే కానియ్యమ్మా," అంది ఆడపడుచు. "నాకూ టీ పొడి కలిసొస్తుంది."

ఆ మాట ఆమెకు ఎముకలదాకా దిగింది. ఆ రోజునుంచి ఇంటి పెత్తనం తన చేతిలోకి తీసుకుంది. తను ఒక దర్జీ కొట్లో పరాయి మిషను మీద కుట్టేది. సంపాదనలో సగం కొట్టు యజమానికే పోయేది. మిగిలిన సగం, మళ్ళీ ఫ్రిజ్జులు బాగుచేసే పనిలో చేరిన మొగుడి జీతం, మామగారి పింఛను, అన్నీ ఒకచోట పోసి ముందు వాయిదా తీసి పక్కన పెట్టేది. ఆ తర్వాతే తిండి, అద్దె, కరెంటు. దుబారా చేసినవాళ్ళకు జరిమానా. అందుకోసం అలమారా మీద ఒక బిస్కెట్ల డబ్బా వెలిసింది.

తీర్పు చెప్పే పని మామగారిది. ఆయన బస్సు కండక్టరుగా చేసి దిగిపోయిన మనిషి. ఉద్యోగం పోయినా టికెట్టుకు చిల్లు కొట్టే పంచి మాత్రం జేబులోంచి దిగలేదు. జరిమానా పడినప్పుడల్లా పాత క్యాలెండరు ముక్క చింపి, దానికి టక్కున చిల్లు కొట్టి చేతికిచ్చేవాడు. గీజరు ఆపడం మరిచిపోతే ఒక టికెట్టు, బయట టీ తాగితే ఒకటి, నడవగలిగిన దూరానికి ఆటో ఎక్కితే రెండు. సొంత కొడుకని చూసేవాడు కాదు. ఒకసారి తనే పేపరు కొనుక్కొచ్చి తనకే టికెట్టు కొట్టుకున్నాడు. అది చూసి కోడలు ఆయన్ని నమ్మింది. ఆమె చేసిన తప్పు అదే.

మొగుడికి ఈ ఏర్పాటు గొంతులో ముల్లులా ఉండేది. పెళ్ళాం సంచిలో ఒకరోజు కొత్త దారపు ఉండలు చూసి ఇల్లు పీకి పందిరేశాడు.

"నాకేమో టీకి కూడా దిక్కులేదు, నువ్వు దొంగచాటుగా కొంటున్నావా?"

"అవి కొట్టువి. కళ్ళు నెత్తికెక్కాయా?"

"ఇకమీదట డబ్బు విషయం ఎవరు దాచినా సరే, నెల జీతం మొత్తం డబ్బాలో వెయ్యాల్సిందే! రాసుకో నాన్నా!"

"రాయడమెందుకురా, గుర్తుంటుంది," అన్నాడు మామగారు. ఎందుకో ఆ పూట ఆయన పంచి బయటికి తీయలేదు.

నెలనెలా వాయిదా పట్టుకుని కూతురింటికి వెళ్ళేది ఆయనే. కోడలు ఆ గడప తొక్కదు, కొడుకు చేతికిస్తే దారిలో కరిగిపోతుంది. తిరిగి రాగానే ఆమె చేతిలో పని చేతిలోనే వదిలి అడిగేది.

"మిషను ఎలా ఉంది మామయ్యగారూ?"

"దానికేమమ్మా. గుడ్డ కప్పి ఉంది."

"తుప్పు పట్టలేదు కదా?"

"లేదమ్మా, లేదు," అంటూ ఆయన చెప్పులు విప్పుకునే పనిలో పడేవాడు.

ముందుగదిలో కిటికీ పక్క మూలను ఆమె ఖాళీగా ఉంచింది. అక్కడ కుర్చీ వేస్తే జరిమానా. తడిసిన గొడుగు ఆనించినా జరిమానా. ఇల్లు ఇరుకై ఒకరి మోచెయ్యి ఒకరికి తగులుతున్నా ఆ మూల మాత్రం తుడిచి తళతళలాడుతూ ఉండేది. కడుపు కట్టుకుని బతికిన ఆ రోజుల్లో ఆమె కళ్ళు మాటిమాటికీ అక్కడికే పోయేవి.

చివరి వాయిదాకు డబ్బు కూడిన రోజు ఆమె పొద్దున్నే ట్రాలీ ఆటో మాట్లాడుకొచ్చింది. మొగుడు గుమ్మానికి అడ్డంగా వచ్చాడు.

"ఇవాళే ఎందుకు? నాన్న వెళ్ళి ఇచ్చేసి వస్తాడుగా."

"మిషను కూడా ఆయన నెత్తిన పెట్టుకుని తెస్తారా?"

"బండి ఖర్చు దండగ. జరిమానా పడుతుంది."

ఆమె జరిమానా డబ్బులు తీసి డబ్బాలో వేసింది. మామగారి చేతికి క్యాలెండరు ముక్క ఇచ్చింది. ఆయన చిల్లు కొట్టడానికి రెండుసార్లు తడబడ్డాడు. వయసు మీదపడుతోందనుకుంది.

మొగుణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళి, ఆడపడుచు ఇంట్లో బల్లమీద వాయిదా డబ్బు పెట్టింది. మిషను ఉండాల్సిన చోట చేపల తొట్టి ఉంది. అందులో ఎర్రటి చేపలు తిరుగుతున్నాయి. ఆమె ఇంకో గదిలోకి చూసింది, వెనక వరండాలోకి చూసింది.

"ఏం వెతుకుతున్నావు?" అంది ఆడపడుచు.

"నా మిషను వదినా."

"అదింకా ఎక్కడుంది? వచ్చిన మూడో నెల్లోనే అమ్మేశాగా! చోటంతా అదే ఆక్రమించింది." ఆడపడుచు తమ్ముడి వైపు తిరిగింది. "ఏరా, చెప్పలేదా?"

మొగుడు సోఫాలో కూర్చుని చేపల తొట్టి వైపు చూస్తున్నాడు.

"మరి ఆ డబ్బు?" ఆమె అడిగింది. "బాకీలో కొట్టేశారా?"

"అసలులో ఎందుకు కొట్టేస్తాను? వడ్డీ కింద సరిపోయింది. వీడు ఒప్పుకున్నాడు. నాన్న కూడా ఇక్కడే, ఇదే కుర్చీలో ఉన్నాడు."

గుడ్డ కప్పి ఉందమ్మా అన్న మాట చెవుల్లో గింగురుమంది. లేని మిషనుకు తుప్పు పడుతుందేమోనని తను ఎన్ని వానాకాలాలు బెంగపెట్టుకుంది! పరాయి మిషను మీద నడుం విరిగేలా వంగినప్పుడల్లా, ఇంకొన్నాళ్ళే అని తనకు తనే చెప్పుకుంది. ఆ ఇంకొన్నాళ్ళన్నీ వీళ్ళు తిన్నారు.

"ఎందుకు చెప్పలేదు?" అంది మొగుడితో.

ఆయన తల ఎత్తకుండానే గొణిగాడు. "చెబితే నువ్వు కట్టడం మానేసేదానివి."

ఆయన నోటి వెంట నిజం వచ్చింది ఆ ఒక్కసారే. ఆమె బల్లమీద పెట్టిన వాయిదా డబ్బు తీసి మళ్ళీ సంచిలో వేసుకుంది.

"అదేంటి? నా బాకీ?" ఆడపడుచు అడ్డొచ్చింది.

"చివరి వాయిదా తెస్తానన్నాను, తెచ్చాను, చూశారు. మిషను చూపించండి, ఇప్పుడే ఇస్తాను."

"మాటలు మర్యాదగా రానీ!"

"బాకీదారు మీ సోఫాలోనే ఉన్నాడు. ముక్కు పిండి వసూలు చేసుకోండి. నేను సంతకం పెట్టలేదు, ఫ్రిజ్జు ఒక్కటీ అమ్మలేదు."

మొగుడు లేచి చెయ్యి పట్టుకోబోయాడు. ఆమె చూసిన చూపుకి మళ్ళీ కూర్చుండిపోయాడు.

బయట ట్రాలీవాడు తాళ్ళు సర్దుతున్నాడు. "సరుకు లేదా అమ్మా? ఖాళీగానేనా?"

"ఖాళీగా ఎందుకు? పాత మిషన్ల కొట్టుకి పోనియ్యి."

చేతిలో ఉన్న డబ్బుకు మోటారు మిషను రాలేదు. కాలితో తొక్కేది వచ్చింది, అదీ చక్రానికి సొట్ట పడినది. ట్రాలీవాడూ ఆమే కలిసి దాన్ని ఇంట్లోకి మోసి కిటికీ పక్క మూలలో దింపారు. మామగారు దాన్ని చూశాడు, ఆమె మొహం చూశాడు.

"పంచి తియ్యండి మామయ్యగారూ."

"అమ్మాయ్, అది... పోరు ఉండకూడదని..."

"తియ్యండి."

ఆయన తీశాడు. ఆమె క్యాలెండరు కాగితాలు రెండు చింపి ముందు పెట్టింది.

"డబ్బు విషయం దాస్తే నెల జీతం. మీ అబ్బాయి పెట్టిన రూలే. ఆయనకు జీతం, మీకు పింఛను. ముందు మీది కొట్టండి."

పంచి టక్కుమంది. కాసేపటికి ఇంకోసారి టక్కుమంది. అప్పుడే లోపలికొచ్చిన మొగుడు తన టికెట్టు చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"నెలంతా ఇల్లెలా గడుస్తుందే? అక్క రేపట్నించీ ప్రాణం తీస్తుంది!"

"తియ్యనివ్వండి," అంది ఆమె, సూదిలో దారం ఎక్కిస్తూ.

సాయంత్రానికి పక్కింటావిడ రెండు తెరలు తెచ్చిచ్చింది. అంచులు మడిచి కుట్టి ఇస్తే అక్కడికక్కడే డబ్బు చేతిలో పెట్టింది. మొగుడు అలవాటు కొద్దీ అలమారా మీదినుంచి డబ్బా దించి మూత తీసి పట్టుకున్నాడు.

ఆమె నోట్లు మడిచి తన సంచిలో పెట్టుకుంది. చీకటి పడుతుంటే లేచి మిషను పైనున్న లైటు వేసింది. వెనక గదిలో లైటు కూడా వేసింది, అక్కడ ఎవరూ లేకపోయినా. మామగారు పంచి జేబులో పెట్టుకుని మంచం మీద అటు తిరిగి పడుకున్నాడు.