మద్దిచెట్ల మధ్య బూడిదరంగు

అడవిలో వెలుగును కాగితం మీదికి తేవాలంటే కళ్ళు సగం మూసి చూడాలని తనుజకు కాలేజీలో నేర్పారు. అలా చూస్తే చెట్టు చెట్టులా ఉండదు, ఆకు ఆకులా ఉండదు. చీకటి మచ్చలు, వెలుగు మచ్చలు, అంతే మిగులుతాయి. బొమ్మకు మంచిదే. పిక్కిలి అడవిలో ఒంటరిగా కూర్చున్న పిల్లకు అది ఎంతవరకు మంచిదో చెప్పడం మాత్రం ఆ మాస్టారు మరిచిపోయినట్టున్నాడు.

తనుజ పుట్టి పెరిగింది పెరియంపట్టిలో. అక్కడ ఎటు చూసినా చేలే. ఆరుబయట కూర్చుని ప్యాస్టెల్‌తో వేసిన బొమ్మ ఒకటి సోమవారానికి చూపించాలి గనుక పిక్కిలిలో ఉన్న అమ్మమ్మ సాకమ్మ దగ్గరికి వచ్చింది. సాకమ్మకు ముప్పై మేకలు. రోజూ వాటిని అడవి అంచున వాగు దాకా తోలుకుపోతుంది. మనవరాలు మూడు రోజులుగా వెంట పడి వస్తోంది. మొదటి రోజు ఏ చోటూ నచ్చలేదు, రెండో రోజు మబ్బు కమ్మింది. ఇదే ఆఖరి రోజు.

ఆ పొద్దున సాకమ్మ ఆమెను వాగు ఒడ్డున రాయి మీద కూర్చోబెట్టి, ఒంటేనుగు ఒకటి వారంగా ఏరియూరు వైపు తిరుగుతోందనీ, ఈ దిక్కుకు ఇంకా రాలేదనీ, అయినా కూర్చున్న చోటినుంచి లేవొద్దనీ చెప్పింది. పెట్టెలో వరసగా పేర్చిన రంగుముక్కల్ని చూసి నవ్వింది.

"ఇన్ని బలపాలు పెట్టుకోని నువ్వు బరికేది నీడనా? మా కాట్లో, ఈ చెట్ల కింద, దానికేం కొదవ లేదు."

మేకల్ని తోలుకుని వాగు దాటి అవతలి గట్టెక్కింది. ముందు నడిచే పోతుమేక మెడలో గంట టంగు టంగుమని వినపడుతూనే ఉంది. ఆ చప్పుడు ఉన్నంతసేపు అవ్వ పక్కనే ఉన్నట్టు తనుజకు ధైర్యం.

గోధుమరంగు కాగితం పలకకు బిగించి, ముందు చీకట్లు పరిచింది. వేలితో రుద్దింది. వెలుగు ఎప్పుడూ చివరన వేయాలి, దాన్ని రుద్దకూడదు. ఒక్క గీత గీసి చెయ్యి తీసేయాలి. మద్దిచెట్ల కొమ్మల సందుల్లోంచి ఎండ పలచగా దిగుతోంది. రెండు మానుల మధ్య ఒక నీడ ఆమెకు తెగ నచ్చింది. నల్లగా లేదు. నీలం కలిసిన బూడిదరంగు, పైన ఎర్రమట్టి ఛాయ. అలాంటి నీడ కనిపెట్టిన తన కంటికి తానే మురిసిపోయి, మూడు రకాల బూడిదరంగు ముక్కలు తీసి శ్రద్ధగా నింపింది.

పొద్దెక్కేకొద్దీ నీడలన్నీ తమ తమ మానుల వైపు ముడుచుకుంటున్నాయి. అదొక్కటి వెడల్పవుతోంది. తప్పు తనదేననుకుంది. కొలత సరిగ్గా చూసుకోలేదని తనను తానే తిట్టుకుని, కొంత చెరిపి మళ్ళీ గీసింది. ఇలా మూడుసార్లు దిద్దింది. కాగితం మీద పెట్టిన శ్రద్ధలో పావువంతు ఎదురుగా పెట్టి ఉంటే ఆ పిల్లకు ఇంత కష్టం వచ్చేది కాదు.

అప్పుడు గుర్తొచ్చింది, గంట వినపడటం లేదని. ఎప్పుడు ఆగిందో తెలియలేదు.

పెరియంపట్టిలో గంట ఆగిందంటే మేక ఎవరి చేలోనో పడి తల వంచి మేస్తోందని. ముందు కనిపెట్టినవాళ్ళు కేక వేసి చెప్పాలి. చిన్నప్పటినుంచి అదే అలవాటు.

"అవ్వా, గంట వినపళ్ళా!" అని గొంతెత్తి అరిచింది.

పిక్కిలిలో ఆ లెక్క వేరు. ఏనుగు కంటబడితే మేకలు కాసేవాళ్ళు మొదట చేసే పని గంటలో ఆకులు కుక్కడం. గంట ఆగిందంటే అందరూ నోరు మూసుకోమని. అడవి పక్కన పెరిగిన చంటిపిల్లకు కూడా ఇది తెలుసు. తనుజకు ఎవరూ చెప్పలేదు.

ఆమె బొమ్మలోని నీడ చెవులు విప్పింది.

తనుజ కళ్ళు పూర్తిగా తెరిచింది. రెండిళ్ళ దూరం కూడా లేదు. తొండం ఎత్తి గాలి వాసన చూస్తోంది. చేతిలో ప్యాస్టెల్ రెండు ముక్కలైంది. లేవబోయి, అవ్వ లేవొద్దన్నది గుర్తొచ్చి రాయిని పట్టుకుంది. ఏనుగు ఒక అడుగు వేసింది, ఇంకొకటి వేసింది. అంత పెద్ద ఒళ్ళు ఆకు చప్పుడు లేకుండా కదలడం చూసి ఆమెకు పై ప్రాణాలు పైనే పోయాయి.

ఉన్నట్టుండి అవతలి గట్టున గంట మోగింది. మేక మెడలో మోగినట్టు లేదు. ఎవరో చేత్తో పట్టుకుని ఆపకుండా ఊపుతున్నారు. ఏనుగు నిలబడింది, తల తిప్పింది, వాగులోకి దిగింది. గంట గట్టు మీదికి, ఇంకా పైకి జరిగింది. ఏనుగు దాని వెంటే పోయింది. వెదుళ్ళు పటపట విరిగాయి. అడవి అదిరేలా ఒక ఘీంకారం. గంట ఆగిపోయింది.

అవ్వను పిలవాలని తనుజ నోరు తెరిచింది. ఒక్క కేకతో ఇంత చేసినదాన్ని, ఇంకో కేకతో ఏం చేస్తానోనని తన చెయ్యి తానే కరిచి పట్టుకుంది. ఎంతసేపు అలా ఉందో తెలియదు. అవ్వ చచ్చిపోయింది, నేనే చంపాను అన్న రెండు మాటలే తలలో తిరిగాయి.

సాకమ్మ వెనకవైపునుంచి వచ్చింది. కాళ్ళకు చెప్పుల్లేవు, చీర మోకాలి దాకా చిరిగింది. మనవరాలి రెక్క పట్టుకుని లేపి, బండిదారి దాకా దాదాపు ఈడ్చుకుపోయింది. అక్కడ కూలబడ్డాక, ఏనుగును తాను ముందే చూశాననీ, మేక మెడలోని గంట విప్పుకుని ఆకులు కుక్కి, చుట్టు తిరిగి తనుజ దగ్గరికే వస్తుండగా కేక వినపడిందనీ చెప్పింది. పెద్ద బండల సందులో దూరితే ఏనుగు కాసేపు చూసి పోయిందట. మేకలు ఎటు పోయాయో తెలియదట. ఒక్క మాట తిట్టలేదు. తనుజ ఏడుస్తూ ఆమె చేతులు పట్టుకుంది.

"పయపడినావా అవ్వా?"

"అది నీ పక్క నడిచినంతసేపూ పయమే. నా పక్క తిరిగినాక ఏం లేదు పాపా, మనసు చల్లగా అయిపాయ."

రేపు మళ్ళీ ఏనుగు వస్తే అవ్వ మళ్ళీ అదే చేస్తుంది. ఆ సంగతి అర్థమయ్యాక తనుజకు అసలు భయం పట్టుకుంది. ఇందాక తన ప్రాణం కోసం పడిన భయం దీని ముందు ఏపాటిది. సాకమ్మ చీర దులుపుకుని, మేకల్ని వెతకాలంటూ వాగు వైపు లేచింది. తనుజ ఆమె కొంగు రెండు చేతులా పట్టుకుని వదల్లేదు.