ధనుంజయ చెప్పిన నవల

ధనుంజయ పోయిన నాలుగో నెలలో, ఒక ఆదివారం పూట, కాశప్ప ఆదోనిలో బస్సెక్కి ఎమ్మిగనూరు వచ్చాడు. చంకలో గుడ్డసంచి. అందులో ధనుంజయ చదవమని కొనిచ్చిన నవల. ధనుంజయా అతనూ ఆదోని పత్తి యార్డులో ఒకే మండీకి ఇరవై రెండేళ్లు సరుకు నాణ్యం చూసినవాళ్లు.

ధనుంజయ భార్య ఉమాదేవి సంచిలోంచి కనబడుతున్న ఆ అట్టను గడప దగ్గరే గుర్తుపట్టింది. తొమ్మిది వందల పేజీలు. డ్యాం నీళ్లలో మునగబోయే ఊళ్లో ఒకే ఒక్క రోజు కథ. మనుషులతోపాటు గొడ్లూ బావులూ మాట్లాడతాయి, ఏ మాట ఎవరిదో చెప్పరు. మొదటి వాక్యం అరవయ్యో పేజీలో గానీ ముగియదు. ధనుంజయ బస్సులో పోతూ వస్తూ దాన్ని మూడుసార్లు చదివాడు. కనబడినవాళ్లందరినీ చదవమనేవాడు. నందవరంలో ఒక పెళ్లికి పోయి, పంక్తిలో పక్కన కూర్చున్న ముసలాయనకు కూడా చెప్పాడు.

అందరికంటే ముందు చెప్పింది పెళ్లానికి. ఆమె హైస్కూల్లో తెలుగు చెబుతుంది కనుక ఆమె మాట అతనికి కావాలి. ఉమాదేవి నలభై పేజీల దగ్గర ఆపేసి, మొత్తం చదివానని, బాగుందని చెప్పింది. ఎక్కడ బాగుందని అడిగితే, అంతా అంది. అతను తలూపి ఊరుకున్నాడు. మళ్లీ ఎన్నడూ అడగలేదు. అతనికి తెలిసిందా, తెలియలేదా? నాలుగు నెలలుగా ఆమెను తినేస్తున్నది ఆ ఒక్క ప్రశ్నే.

కాశప్ప టీ తాగి, పుస్తకం బల్లమీద పెట్టాడు.

"నేను సదవలేదమ్మా. శానా బాగుందని వానికి అబద్ధం సెప్పినా."

ఉమాదేవి గ్లాసు కింద పెట్టింది. "నేనూ అంతే, అన్నా."

"తెల్సు. వానికీ తెల్సు, మనిద్దరి సంగతీ."

ఆమె తల ఎత్తలేదు. కోపగించుకున్నాడా అని నెమ్మదిగా అడిగింది. కాశప్ప లేదన్నాడు. యార్డుకు వచ్చిన ఆఖరి రోజు ధనుంజయ తనలో తనే నవ్వుకున్నాడట. రైతు మూట విప్పితే సరుకు చూసేవాళ్లు పైనున్న పత్తి చూడరు. మోచేతిదాకా చెయ్యి దూర్చి, నడుమనుంచి గుప్పెడు లాగి పింజ పొడుగు చూస్తారు. ఆ రోజు అలా లాగిన పత్తి చేతిలో పట్టుకునే అన్నాడట.

"'బుద్ధి లేనోన్ని కాశప్పా, నా పెండ్లాన్ని మొదటి పేజీ మీదికి తోలినా. పైపత్తి సూసి ఎవుడన్నా బేరం సేస్తాడా? ఇంటికి పోయి నడుమ తీసి సూపిస్తా' అన్నె. సూపించినాడా?"

"లేదు," అంది ఉమాదేవి. ఆ రాత్రే ఆసుపత్రి, మళ్లీ ఇల్లు చేరలేదు.

ఆమె కళ్లద్దాలు పెట్టుకుని, పుస్తకాన్ని నడుమకు తెరిచి, పైకి చదవడం మొదలుపెట్టింది. ఊరు వదిలి ముందెవరు పోవాలని ఒక ముసలామే, ఆమె మేకా వాదించుకుంటున్నారు. రెండో పేజీలో కాశప్ప కడుపు పట్టుకుని నవ్వాడు. ఆమె నవ్వలేదు. నాలుగు పేజీలు చదివి వేలు అడ్డం పెట్టింది.

"ఈ మేక ఇంతసేపు మాట్లాడాల్సిన పనిలేదు, అన్నా. రెండు పేజీలు ఎక్కువయ్యాయి."

"ఆ మాట వానితో అనింటే తెల్లార్లూ కొట్లాడుతాండె."

"కొట్లాడేవాడే," అని ఉమాదేవి పేజీ తిప్పింది.