వెలుతురులోకి తెచ్చి చూస్తే

పాప గుడ్డలు బకెట్లో నానబెట్టుకుని బాత్రూంలో పీట మీద కూర్చున్నాను. మా బాత్రూంకి కిటికీ లేదు. పైన ఒక పాతకాలపు గుండ్రటి బల్బు ఉంది. అది వెలిగిస్తే సున్నం కొట్టిన గోడలు కూడా పసుపు రాసుకున్నట్టు కనిపిస్తాయి. పాప పుట్టినప్పటి నుంచీ ఆ బకెట్ నాదే. కాన్పు కుట్లు ఇంకా లాగుతుండగానే మా అత్తగారు దాన్ని తెచ్చి నా ముందు పెట్టి, కన్నతల్లికి అసహ్యం ఉండదమ్మా, మిగతావాళ్లకి ఉంటుంది అన్నారు. మా ఆయనైతే ఆ బకెట్ పక్కనుంచి వెళ్లాల్సి వచ్చినప్పుడల్లా ముక్కు భుజానికి ఆనించుకుని ఒక్క అంగలో దాటేసేవారు. అదే బాత్రూంలో అంతకుముందు అరగంట అద్దం ముందు నిలబడి పాట పాడుకున్న మనిషి.

నేను భయస్తురాలిని. చదువు పదో తరగతితో ఆగింది గానీ భయం ఎక్కడా ఆగలేదు. తాళం వేసి వీధి చివరిదాకా వెళ్లి, వెనక్కి వచ్చి మళ్లీ లాగి చూస్తాను. ఆయన రావడం కాస్త ఆలస్యమైతే ఆస్పత్రి మంచం, సెలైన్ సీసా, ఏడుస్తున్న నేను, అన్నీ ఊహలో సిద్ధమైపోతాయి. అందుకే ఇంట్లో నాకు భయాలమ్మ అని పేరు. పెట్టింది ఆయనే. మా భయాలమ్మని అడిగితే రేపు పొద్దున్నే ఆకాశం ఊడిపడుతుందని చెబుతుంది అనేవారు చుట్టాల ముందు. అందరూ నవ్వేవారు, నేనూ నవ్వేదాన్ని. నవ్వు మంచిదే. కానీ పోనుపోను నేను ఏది చెప్పినా చెవిన పడకముందే అది భయమైపోయేది. ఇంకెవరైనా చెబితే విషయం, నేను చెబితే భయం.

నెల దాటినా పాప కళ్లలో పసుపు పోలేదు. పసిపిల్లలకి కామెర్లు మామూలే, మా వాడికీ వచ్చాయి, పొద్దుటెండలో పడుకోబెడితే పోయాయి అన్నారు అత్తగారు. రోజూ ఎండలో పడుకోబెట్టాం. పాప ఎండకి కళ్లు చికిలించేది, పసుపు మాత్రం అలాగే ఉండేది. నేను పోరగా పోరగా మా పేట డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లారు. అక్కడ డాక్టర్ ఎదురుగా ఒక్కటే కుర్చీ. మా ఆయన పాపను ఎత్తుకుని అందులో కూర్చున్నారు. పాలసీసా, మార్చే గుడ్డలు ఉన్న సంచీ పట్టుకుని నేను వెనకాల నిలబడ్డాను.

"మోషన్ ఏ రంగులో వెళుతోంది?" అని అడిగారు డాక్టర్.

"మామూలుగానే ఉంది సార్," అన్నారు ఆయన, తడుముకోకుండా.

నేను నోరు తెరిచాను. ఆయన వెనక్కి తిరిగి చూశారు. ఆ చూపు నాకు తెలుసు. పదిమందిలో నా పరువు తీయకు అనే చూపు. ఈలోపు డాక్టర్ తలూపి, బరువు పెరుగుతోందా అనే దగ్గరికి వెళ్లిపోయారు. బయటికొచ్చాక అడిగాను, మీరెప్పుడు చూశారండీ అని. "దొడ్డి కూడా నేనే చూడాలా? మామూలుగా కాక ఇంకెలా ఉంటుంది?" అని నవ్వి, బండి స్టార్ట్ చేశారు. దారంతా నేను ఆయన వీపు చూస్తూ కూర్చున్నాను. ఈయన అబద్ధం చెప్పాననుకోవడం లేదు. ఇంటి సంగతులు తనకి తెలిసే ఉంటాయని నిజంగానే నమ్ముతున్నారు. వంటింట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందో తెలియదు గానీ ఇంట్లో ఉప్పుందని తెలిసినట్టు.

అలాగని నాకూ ఖాయంగా తెలియదు. ఆ బల్బు కింద గుడ్డ మీద ఉన్నది లేత పసుపులా అనిపించేది. అయినా ఎందుకో మనసు ఒప్పేది కాదు. కాన్పుకి ముందు నేనొక కుట్టుపని షాపులో చేసేదాన్ని. గుడ్డకి సరిపోయే దారం ఎంచి మెషీన్ల దగ్గరికి అందించడం నా పని. రీళ్లు ఏరుకునే ఉద్యోగం అనేవారు మా ఆయన. ఆ షాపులో ఒక పద్ధతి ఉంది. లైటు కింద చూసి ఏ దారమూ ఖాయం చేయకూడదు. గుడ్డనీ దారాన్నీ గుమ్మం బయటికి తీసుకెళ్లి పగటి వెలుతురులో పక్కపక్కన పెట్టి చూడాల్సిందే. కొత్తలో ఒకసారి లోపలే చూసి ఇచ్చేస్తే, కోటు మొత్తం విప్పించి మళ్లీ కుట్టించింది మా యజమానురాలు.

ఆ రోజు బాత్రూంలో పీట మీద కూర్చున్నప్పుడు అదే గుర్తొచ్చింది. ఇంకా నీళ్లలో వేయని గుడ్డ ఒకటి పట్టుకుని బాల్కనీలోకి వెళ్లాను. వెనకాల నుంచి అత్తగారు, ఆ దరిద్రాన్ని పదిమందికీ కనపడేలా అక్కడికి తీసుకెళ్తావేంటమ్మాయ్ అంటూనే ఉన్నారు. గుడ్డ విప్పాను. అందులో పసుపు లేదు. ఏ పసుపూ లేదు. గోడలకి పూసే పుట్టీ రంగు, తడిసిన సుద్దముక్క రంగు. ఇన్నాళ్లూ నేను చూసిన పసుపు ఆ బల్బుది.

నా భయాలన్నీ ఇంతవరకూ ఉత్తవే అయ్యాయి. తాళం వేసే ఉండేది, ఆయన క్షేమంగా వచ్చేవారు. అలా ఉత్తదైనప్పుడు కలిగే ఆ చల్లదనం కోసమే నేను భయపడతానేమో కూడా. ఆ క్షణాన బాల్కనీలో నిలబడి, ఈసారి కూడా నేను పిచ్చిదాన్నే అని ఎవరైనా అనండి అని మనసులో బతిమాలుకున్నాను. గుడ్డ తీసుకెళ్లి ఆయనకి చూపించబోయాను. ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ ముఖం తిప్పేసుకున్నారు. "పనికి వెళ్లే ముందు నాకు చూపించేది ఇదా?" అన్నారు. చూడలేదు.

ఆయన వెళ్లాక గుడ్డని కవర్లో చుట్టి సంచీలో పెట్టుకున్నాను. పాపని భుజాన వేసుకున్నాను. వాడు సాయంత్రం వచ్చాక వెళ్లొచ్చుగా, ఒక్కదానివే ఏం మాట్లాడతావు అక్కడ అన్నారు అత్తగారు. ఆ ప్రశ్న నాకూ ఉంది. బస్సులో పిల్లల ఆస్పత్రి దాకా మాటలు కూడబలుక్కుంటూనే ఉన్నాను. తీరా డాక్టర్ ముందు కూర్చున్నాక ఆ మాటలన్నీ పక్కన పెట్టేశాను. కవరు తీసి బల్ల మీద పెట్టాను.

ఆవిడ పిల్లల సర్జన్ అని తర్వాత తెలిసింది. నెరిసిన జుట్టు, మెడలో వేలాడే కళ్లద్దాలు. ముక్కు మూసుకోలేదు, ముఖం చిట్లించలేదు. గుడ్డ పట్టుకుని లేచి కిటికీ దగ్గరికి నడిచారు. మా షాపులో గుమ్మం బయటికి నడిచినట్టే. అది చూసేసరికి నాకు ఏడుపు వచ్చేసింది.

"రోజూ ఇలాగే ఉంటోందా అమ్మా? ఎవరు చూస్తున్నారు?"

"నేనే అండీ. ఉతికేది నేనే."

రక్తం తీశారు, కడుపు స్కానింగ్ చేశారు. ఆయనకి ఫోన్ చేశాను, పని మధ్యలో వదిలి వచ్చారు. ఇద్దర్నీ కూర్చోబెట్టి ఆవిడ నిదానంగా చెప్పారు. కాలేయంలో తయారయ్యే పైత్యం సన్నటి గొట్టాల గుండా పేగులోకి దిగాలట. దొడ్డికి ఆ రంగు వచ్చేది దాని వల్లే. మా పాపకి ఆ గొట్టాలు పూడుకుపోయాయి. పైత్యం లోపలే నిలిచిపోయి కాలేయాన్ని పాడుచేస్తోంది. వేలమందిలో ఒక బిడ్డకి వస్తుందట ఇలా. పూడుకుపోయినవి తీసేసి, పాప పేగునే కొంత పైకి తెచ్చి కాలేయానికి కుట్టాలి అన్నారు. నాకు చెవుల్లో హోరుగా ఉంది. ఆ కుట్టాలి అన్న మాట దగ్గర మాత్రం కాస్త ఊపిరి అందింది. కుట్టడమంటే నాకు తెలుసు. గట్టిగా పట్టే కుట్లుంటాయి, ఊడే కుట్లుంటాయి. పైత్యం పారుతుందా అని అడిగాను. పారొచ్చు, పారకపోనూవచ్చు అన్నారు ఆవిడ, దాచకుండా. పారకపోతే ముందుముందు కాలేయమే మార్చాల్సి రావచ్చు, పారినా ఏళ్ల తరబడి కనిపెట్టుకుని ఉండాలి. అయితే ఈ ఆపరేషన్‌కి వయసు దాటకూడదు, పాపకి ఇంకా దాటలేదు, ఆలస్యం చేస్తే ఆ కాస్త అవకాశమూ పోతుంది అన్నారు.

ఆయన నన్ను వరండాలోకి పిలిచారు. ముఖంలో నెత్తుటి చుక్క లేదు. అమ్మ ఫోన్‌లో ఒక వారం చూద్దామంటోంది, అరచేయంత కడుపుని కోయిస్తామా, ఇంకో డాక్టర్ని అడుగుదాం, నీకు ప్రతిదానికీ కంగారే అన్నారు. ఆ గొంతు వణుకుతోంది. పెళ్లయ్యాక ఆయన గొంతు వణకడం నేను వినలేదు. జాలేసింది. జాలితోపాటు ఇంకొకటి కూడా లేచింది, దానికి పేరు తెలియదు.

"ఇన్నాళ్లూ నేను భయపడితే మీరు నవ్వారు," అన్నాను. "ఇప్పుడు భయపడేది మీరు. నేను నవ్వను. కానీ మీ భయం కోసం పాప ఆపరేషన్ ఆపలేను."

లోపలికి వెళ్లి సర్జన్‌తో చేసేయండి అన్నాను. ఆవిడ నా వెనకాల గుమ్మంలో నిలబడ్డ ఆయన వైపు చూశారు. ఆయన తల వంచుకుని, ఊపారు.

ఆపరేషన్ జరిగినంతసేపూ నేను చచ్చి బతికాను, అదంతా చెప్పను. పాప బయటికొచ్చింది, పొట్టకి అడ్డంగా కట్టు, ఒంటి నిండా గొట్టాలు. ఆ తర్వాత మళ్లీ నా పనే, గుడ్డలు చూడటం. మొదట్లో అదే సుద్దరంగు. ప్రతి గుడ్డా తీసుకుని వార్డు కిటికీ దగ్గరికి నడిచేదాన్ని. నర్సులు నన్ను కిటికీ అమ్మ అనేవారు. ఒక మధ్యాహ్నం, ఆయన కుర్చీలో కునుకుతుండగా, విప్పిన గుడ్డలో ముదురుగా ఏదో కనపడింది. లైటు మోసమేమో అనుకున్నాను. కిటికీ దగ్గరికి వెళ్లాను. నాచు రంగు. ముదురు ఆకుపచ్చ. నా కళ్లని నేను నమ్మలేదు.

"ఏమండీ, ఇటు రండి. చూడండి."

ఆయన లేచి వచ్చారు. ఒక్క నిమిషం ఆగి, వంగి చూశారు. భుజం ముక్కుకి అడ్డం రాలేదు. ఆకుపచ్చే కదా అన్నారు, నన్నే అడుగుతున్నట్టు. ఆకుపచ్చే అన్నాను. సర్జన్ వచ్చి, పారడం మొదలైంది, ఇక జాగ్రత్తగా చూసుకుంటూ ఉండాలి అన్నారు. మా ఆయన ఆ గుడ్డ మడత పెట్టబోయి, ఎలా మడవాలో తెలియక చేతుల్లో పట్టుకుని అలాగే నిలబడిపోయారు.

ఇంటికొచ్చాం. పాప కళ్లలో పసుపు కొద్దికొద్దిగా పలచబడుతోంది. రంగు మళ్లీ తెల్లబడినా, జ్వరం వచ్చినా వెంటనే పరిగెత్తుకు రమ్మన్నారు. మొన్న ఆదివారం పొద్దున అత్తగారు ఎప్పట్లాగే బకెట్ తెచ్చి నా ముందు పెట్టారు. నేను దాన్ని ఎత్తుకెళ్లి బాల్కనీలో ఆయన కుర్చీ పక్కన పెట్టాను.

"ఈ రోజు మీరు ఉతకండి. ఇక్కడే, వెలుతురులో."

ఆయన బకెట్ వైపు, నా వైపు చూశారు. వాడితోనా అని అత్తగారు నోటి మీద చెయ్యేసుకున్నారు.

"రేపు నాకేదైనా అయితే, పాప రంగు తెలిసిన మనిషి ఈ ఇంట్లో ఇంకొకరు ఉండాలి కదండీ," అన్నాను. ఈ భయానికి ఎవరూ నవ్వలేదు.

లోపలికొచ్చి పాపకి పాలిస్తూ కూర్చున్నాను. బయట నీళ్ల చప్పుడు మొదలైంది, ఆగింది.

"ఒకసారి ఇటు రా. ఇది పసుపా, తెలుపా? తెలియట్లేదు."

నా ఒళ్లు దానంతటదే లేవబోయింది. కానీ పాప పాలు వదల్లేదు. నేను లేవలేదు.

"కళ్ల ముందుంది మీకే. ఎలా ఉందో చూసి మీరే చెప్పండి."

గుడ్డని రెయిలింగ్ మీద ఎండలోకి పరిచిన చప్పుడు వినపడింది.

"పసుపే," అన్నారు ఆయన. "బాగా చూశాను. పసుపే."