అంచులు లేని పేపరు

"శుక్రవారం నమాజ్ అయినంక టెంపో తోల్కొస్త భాభీ. మిషన్ తీస్కపోత" అన్నాడు నాసిర్, మా వరండాలో ఉన్న, చెక్కను తిప్పే లేత్ మిషన్ మీద చెయ్యి వేసి.

నాసిర్ నా భర్త తమ్ముడు. కాశిబుగ్గలో ఫర్నిచర్ పని చేస్తాడు. ఆ మాట కటువుగా అనలేదు. అందుకే ఇంకా గుచ్చుకుంది.

"ఎందుకు తీస్కపోతవ్? నేను నడిపిస్తలేనా?"

"నడిపిస్తానవ్. గని నీ పెన్నులు ఎవలు కొంటాన్రు? అన్న పోయినంక వెంకట్రాజం సేటు ఒక్కటన్న తీస్కున్నడా? ఊకెనే పెడితే ఇనుము తుప్పు పడ్తది. నా మిషనేమో అరిగిపాయె. నీ ఫికర్ నాకు లేదా? ఇంట్లకు ఏం గావాల్నో నేను జూస్కుంట."

"అన్న చేసినట్టు మెరిసే పెన్ను చేసి చూపిస్తే?"

నాసిర్ నవ్వాడు. "చూపియ్యి. ఖాళీ టెంపో తోల్కపోత."

నా భర్త ఆజం చెక్క పెన్నులు చేసేవాడు. నల్లతుమ్మ ముక్కకు నిలువునా బెజ్జం వేసి, ఇత్తడి గొట్టం దూర్చి, మిషన్ మీద తిరుగుతుండగా ఉలితో గుండ్రంగా చెక్కడం, గరుకు ఎమ్రీ పేపరుతో రుద్ది నునుపు చేయడం నాకు వచ్చు. ఎన్నో ఏళ్లు ఆయన పక్కన కూర్చుని చేశాను. చివరి గమ్ము పని మాత్రం ఆయనదే. నీళ్లలా పల్చగా ఉండే సూపర్ గ్లూని తిరిగే చెక్క మీద పొర తరవాత పొరగా వేస్తే అద్దంలా మెరిసేది. ఆ ఘాటుకు నాకు దగ్గు వచ్చేది. "నువ్వు లోపలికి పో" అనేవాడు. పోయేదాన్ని. పోయిన చలికాలం గుండె ఆగి ఆయన పోయాడు. ఆ పని నేర్చుకోకుండా నేను తలుపు అవతలే ఉండిపోయాను.

గమ్ము లేని నా పెన్నులను వెంకట్రాజం సేటు తన పెన్నుల దుకాణంలో వేళ్ల మధ్య తిప్పి చూసి, "పనితనం మంచిగనే ఉంది చెల్లె, గని చపాతీ కర్ర లెక్క ఉన్నయి" అని తిరిగి ఇచ్చేశాడు.

మిషన్ పోతే నేను ఇంకొకరి చేతికేసి చూస్తూ కూర్చోవాలి. అది నావల్ల కాదు.

పక్కింటి కట్టమ్మ వాళ్లది నేల మీద పరిచే దర్రీలు నేసే ఇల్లు. విషయం విని ఫోన్ పట్టుకుని వచ్చింది. అందులో ఎవరో తెల్లదొర పెన్నుకు గమ్ము రాస్తున్నాడు. అతను మాట్లాడేది మాకు ఒక్క ముక్క అర్థం కాలేదు.

"సూడక్కా, తెల్లగ గుడ్డ పేలిక తోటి రుద్దుతాండు" అంది కట్టమ్మ.

నాకూ గుడ్డలాగే కనిపించింది. మా కొత్తవాడలో ఏది తుడవాలన్నా మగ్గం కింద మిగిలిన నూలు పోగులే తీస్తారు. సైకిలైనా, మిషనైనా, పిల్లల ముక్కైనా. కట్టమ్మ వెళ్లి గుప్పెడు మెత్తటి నూలు తెచ్చి ఇచ్చింది.

మిషన్ వేశాను. నూలు మీద గమ్ము పోసి చెక్కకు ఆనించాను. అంతే, చేతిలోంచి తెల్లటి పొగ లేచింది. వేలికి నిప్పు అంటినట్టయింది. "యా అల్లా" అని విసిరికొట్టాను. కళ్లు మండి నీళ్లు కారుతున్నాయి. పెన్ను మీద నూలు వెంట్రుకలు ముసలివాడి గడ్డంలా అతుక్కుని ఉన్నాయి.

"నీ గమ్ముకు మా నూలంటే గిట్టదక్కా" అంది కట్టమ్మ, నా వేలిని చెంబు నీళ్లలో ముంచుతూ.

విడి పోగుల వల్లేమోనని మర్నాడు పాత నూలు ఓణీ ముక్కతో చేశాను. మళ్లీ పొగ. ఈసారి కట్టమ్మ గుమ్మం దాటి లోపలికి రాలేదు. "జర బకెట్ల నీళ్లు పెట్టుకో. మా మగ్గం పక్కనే ఉంది తల్లీ" అని బయటి నుంచే అరిచింది.

కాలిన వేలికి గుడ్డ చుట్టుకుని నా పెన్ను చేతిలోకి తీసుకున్నాను. యాభై దాటాక సాయంత్రం బడికి పోతానన్నప్పుడు ఆయన ఇచ్చిన పెన్ను అది. "దీనికి మచ్చ పడ్డది, సేటు తీస్కోడు. నువ్వు రాస్కో" అన్నాడు. అక్షరాలన్నీ దానితోనే దిద్దాను. ఆయన మెరుపు ఎలా ఉండేదో చూద్దామని కళ్లజోడు పెట్టుకుని వెలుగుకు పట్టాను. మెరుపు కింద ఆ మచ్చ. అన్నాళ్లూ దాన్ని చెక్కలోని మచ్చే అనుకున్నాను.

మచ్చ కాదు. అచ్చు అక్షరం. గోరు చివరంత కాగితం పీలిక గమ్ములో చిక్కుకుని ఉంది. దాని మీద సగం తెగిన 'ళ'.

అప్పుడు మా ఇంటి పేపర్లు గుర్తొచ్చాయి. చదవడం అలవాటవుతుందని ఆయన రోజూ పేపరు తెచ్చేవాడు. ఒక్కదానికీ అంచులు ఉండేవి కావు. ఒకటి బడికి పట్టుకెళ్తే శకుంతల మేడం, "ఏందమ్మా సుల్తానా, మీ ఇంట్ల ఎలుకలు గూడ చదువుకుంటానయా?" అని అందరినీ నవ్వించింది. చెవిలో తిప్పుకోవడానికి చింపుతున్నాడని ఇంటికొచ్చి ఆయనతో పోట్లాడాను. ఆయన నవ్వాడే గాని చెప్పలేదు. ఆ అంచులతోనే గమ్ము రాసేవాడన్నమాట. అచ్చు లేని తెల్లటి అంచు అయితే సిరా అంటదు. ఎప్పుడో ఒకసారి చింపడంలో చెయ్యి తప్పి, అక్షరం వచ్చేసింది.

ఫోన్‌లో దొర పట్టుకున్నదీ కాగితమే అయ్యుంటుంది. పేపరు అంచు చింపి, మడిచి, రెండు గమ్ము చుక్కలు వేసి తిరిగే చెక్కకు ఆనించాను. పొగ రాలేదు. చెక్క తడి మెరుపుతో మెరిసింది.

అయినా పని ఒక్కసారికి లొంగలేదు. తొందరపడి వెంటనే ఇంకో పొర వేస్తే గడ్డలు కట్టింది. నీళ్లతో ఎమ్రీ పట్టి, ఆరనివ్వకుండా గమ్ము వేస్తే పాలు ఒలికినట్టు తెల్లబడింది. వానలకు గోడలే చెమ్మగిల్లి ఉన్నాయి. చెక్కముక్కలను పొయ్యి గట్టు మీద ఆరబెట్టాను. పొరకూ పొరకూ మధ్య ఎంత ఆగాలో తెలియక, అంచు చింపిన పేపరులోనే ఒక వార్త పైకి చదవడం మొదలుపెట్టాను. గబగబా చదివేవాళ్లకైతే అది కుదరదు. నేను కూడబలుక్కుని వార్త ముగించేసరికి పొర సరిగ్గా ఆరేది. పత్తి ధర, కరెంటు కోత, ఎవరిదో పెళ్లి రిసెప్షన్, అన్నీ ఆ మిషన్‌కు వినిపించాను. పాడైన పొరను ఉలితో గీకేసి, మళ్లీ వేశాను.

శుక్రవారం టెంపో హారన్ వినిపించేసరికి నల్లతుమ్మ పెన్ను మిషన్ మీదే ఉంది. నాసిర్ టోపీ తీసి జేబులో పెట్టుకుంటూ వచ్చి, వంగి చూశాడు. అందులో అతని ముఖం కనిపించింది.

"భాభీ, ఇది నువ్వే చేసినవా?"

"మరి మీ అన్న లేచొచ్చి చేసిండా?"

గర్వంతో నా చెయ్యి తొందరపడింది. మిషన్ ఊచ మీద పెన్ను చివర ఒక ఇనుప రింగు ఉంటుంది. గమ్ము కారి చెక్కనూ రింగునూ కలిపేసింది. నేను లాగాను. టక్‌మంది. చివర మెరుపు పెచ్చులా లేచిపోయి, చెక్క కూడా చీలింది.

"అరెరె!" అన్నాడు నాసిర్. చీలిన చివరను వేలితో తడిమాడు. తరవాత మెల్లగా, "పోనీ భాభీ. ఇంత దాంక వచ్చినవ్, గదే మస్తు" అన్నాడు.

"పోనియ్యను" అన్నాను. పొయ్యి గట్టు మీంచి ఇంకో ముక్క తెచ్చి ఊచకు ఎక్కించాను. "కూసో."

"టెంపోవాడు ఆగడు భాభీ."

"ఆగకుంటే పొమ్మను."

చెక్కాను. నునుపు చేశాను. అంచు చింపి మొదటి పొర వేసి వార్త చదవడం మొదలుపెట్టాను. నాసిర్ నోరు తెరుచుకుని చూస్తూండిపోయాడు. రెండో వార్త మధ్యలో హారన్ మోగింది. అతను లేచి బయటికి వెళ్లాడు. టెంపోవాడు గొణగడం, బండి కదిలిన చప్పుడు వినిపించాయి. నాసిర్ ఒక్కడే తిరిగొచ్చాడు. నేను చదవడం ఆపలేదు.

చివరి పొర ఆరాక, ఈసారి లాగలేదు. రింగు, చెక్క కలిసేచోట బ్లేడు ఆనించి, ఊచను చేత్తో మెల్లగా తిప్పాను. సన్నటి గీత పడింది. రింగు దానంతట అదే వదిలింది. పాలిష్ పేస్టు పట్టించి, నాసిర్ అరచేతిలో పెట్టాను.

అతను గోరుతో గీసి చూశాడు. వెలుగుకు పట్టాడు. లోపాలు వెతికాడు. క్లిప్పు పెట్టేచోట మెరుపులో చిన్న అల ఒకటి దొరికింది. చూపించాడు.

"కనిపిస్తాంది. వచ్చేదాంట్ల ఉండది" అన్నాను.

నాసిర్ పెన్ను బల్ల మీద పెట్టి, మిషన్ పక్కనే చాప మీద చతికిలబడ్డాడు. నిన్నటి పేపరు ఒళ్లోకి తీసుకుని అంచు చింపసాగాడు.

"అచ్చు తగలనియ్యకు" అన్నాను, ఇంకో ముక్క ఎక్కిస్తూ.