ఏడో ఎపిసోడ్‌లో ముక్కు

కోడలు బొమ్మలు గీసే స్టూడియోలో ఒక ఆనవాయితీ ఉంది. ఎపిసోడ్ తయారవగానే పనివాళ్లలో ఒకరు తమ ఇంటి మనిషిని తీసుకొచ్చి చూపించాలి. ఆ మనిషి ఆవులించిన చోటల్లా దర్శకుడు కత్తెర వేస్తాడు. అయినదానికీ కానిదానికీ భగ్గుమంటాడని అతనికి అగ్గిపుల్ల అని పేరు. ఈసారి వంతు కోడలిది. మొగుణ్ణి రమ్మంటే, ఆ మహానుభావుడు పంటినొప్పి వంక పెట్టి తన తల్లిని పంపించాడు.

గుమ్మంలో అత్తగారిని చూడగానే కోడలికి పై ప్రాణాలు పైనే పోయాయి.

ఆ కార్టూన్ బొమ్మల సీరియల్ పెద్దవాళ్ల కోసం తీస్తున్నది, మతిమరుపు గురించి. ఏడో ఎపిసోడ్‌లో ఒక ముసలావిడ పొద్దున్నే లేచి, పక్కనున్న మొగుణ్ణి దొంగ అనుకుంటుంది. గీసేవాళ్లంతా బల్లమీద అద్దం పెట్టుకుని, తమ ముఖాలే వంకర్లు తిప్పుకుని చూసి గీస్తారు. కోడలికి తన ముఖం ఎంత తిప్పినా అతకలేదు. ఇంట్లోనే నిక్షేపంలాంటి సరుకుండగా అద్దం దేనికి? అత్తగారు తాళం వేసి నాలుగడుగులు వేసి, మళ్లీ వెనక్కొచ్చి తాళం లాగి చూసే తీరు, నెత్తిమీదే కళ్లజోడు పెట్టుకుని ఇల్లంతా వెతికే తీరు, తిట్టేముందు ముక్కు ఎగబీల్చే తీరు, అన్నీ తెచ్చి ముసలావిడకు తగిలించింది. ఆ ఊపులో ముక్కు కూడా తగిలించేసింది. ఇప్పుడు ఆ ముక్కు గలావిడ ముందువరుసలో కూర్చుంది. ఇవాళ్టితో ఇంట్లో తన కాపురం చట్టుబండలే అనుకుంటూ, కోడలు గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంది.

తెరమీద ముసలావిడ చీపురెత్తింది. “మా ఆయనొచ్చేలోగా మర్యాదగా వెళ్లిపో!”

“ఎప్పుడొస్తాడేం?” అన్నాడు బొమ్మ మొగుడు.

“ఏనాడు వేళకొచ్చాడు గనక! సరేలే, కూర్చో, కాఫీ ఇస్తా. ఆయనకంటే నువ్వే నయంగా ఉన్నావు.”

అత్తగారు కుర్చీ కదిలిపోయేలా నవ్వింది. తర్వాత ముసలావిడ తాళం వేసింది, వెళ్లింది, తిరిగొచ్చి లాగి చూసింది. అత్తగారి నవ్వు ఠక్కున ఆగిపోయింది.

దీపాలు వెలిగాయి. “ఎక్కడైనా విసుగనిపించిందా అమ్మా?” అన్నాడు అగ్గిపుల్ల. ఆవిడ అతని వంక చూడనైనా లేదు. కోడలివైపు తిరిగింది. చెంపలు తడిగా ఉన్నాయి.

“మా అమ్మను నువ్వెప్పుడు చూశావే?”

“మీ అమ్మనా?” అంది కోడలు.

“నా పెళ్లికి ముందే పోయింది. ఒక్క ఫొటో కూడా లేదు. ఈమధ్య ఎంత తలుచుకున్నా ముఖం కనబడటం లేదే. అచ్చం ఇలాగే తాళం లాగేది, మేమంతా వెక్కిరించేవాళ్లం.” కళ్లు తుడుచుకుంది. “అంతా బాగుంది గానీ, అంత లావు ముక్కేంటి? ఎవరిదే ఆ ముక్కు?”

అగ్గిపుల్ల తెరమీది ముక్కు చూశాడు, అత్తగారి ముక్కు చూశాడు, నోరు తెరిచాడు. కోడలు అతని కాలు తొక్కింది.

“చెయ్యి జారిందండి అత్తయ్యా.”

“జారకుండా గియ్యి. అమ్మ ముక్కు సన్నగా, కొసన కాస్త పైకి...” అని ఆవిడ ఆగిపోయింది. “అమ్మో, గుర్తొస్తోందే!”

“మొత్తం మళ్లీ గీయాలా?” అని అగ్గిపుల్ల భగ్గుమనబోయాడు. అత్తగారు ముక్కు ఎగబీల్చింది. అతను ఆరిపోయాడు.

కోడలు బల్ల దగ్గర కూర్చుంది. అత్తగారు భుజం మీదుగా వంగి చెబుతూ పోయింది. “ఇంకాస్త సన్నగా. ఊహూ, అంత కాదు. ఆగు!” గీత గీతకీ అత్తగారి పోలిక కరిగిపోయి, కోడలు ఎన్నడూ చూడని మనిషి కాగితం మీదికి వచ్చింది. ఆ మనిషి మీద తనకింత ప్రేమ పుట్టుకొస్తుందని కోడలు అనుకోలేదు.

“సరిగ్గా చూడనీవే. నా కళ్లజోడేదీ?” అంటూ అత్తగారు బల్లంతా తడుముతోంది.

కోడలు నవ్వలేదు. లేచి, ఆవిడ నెత్తిమీది కళ్లజోడు తీసి, కళ్లకు పెట్టింది.